మా అయ్యకెవరూ పరీక్ష చెయ్యలేదు

నా బతుకంతా పరీక్షలే. ఏడో తరగతి కామన్ పరీక్ష, పదో తరగతి, ఇంటరు, డిగ్రీ, బీఎడ్, టెట్, ఆఖరికి 2018 డీఎస్సీ. మా మాదిగపల్లెలో డిగ్రీ కాగితం చేతబట్టుకున్న మొదటోణ్ణి నేనే. ప్రతి పరీక్షలోనూ ఆన్సరు పేపరు మీద సంతకం పెట్టేటప్పుడు మా అయ్య బొటనవేలు గుర్తొచ్చేది. ఆయన జీవితంలో ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. వేలిముద్రే.

ఇన్ని పరీక్షలు గట్టెక్కినోణ్ణి, ముప్పయ్యారో ఏట ఒక పరీక్ష దగ్గర ఆగిపోయాను. చేయించుకోవాలా వద్దా అని ఏడాది పైగా నాలో నేనే కొట్టుకున్నాను. దాని పేరు ఇంట్లో చెప్పలేకపోయాను. స్టాఫ్‌రూములో చెప్పే సంగతి కాదు. చిన్నప్పుడు హాస్టల్లో ఒకే కంచంలో తిన్న స్నేహితుడికి కూడా చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను.

అంగస్తంభన లోపానికి చేసే పరీక్ష అది. జనం భాషలో చెప్పాలంటే, మొగతనానికి పరీక్ష.

మనం ఆకలి గురించి రాశాం. అంటరానితనం గురించి రాశాం. హాస్టలు పురుగులన్నం గురించి రాశాం. మన ఆడోళ్ళ మీద ఊరోళ్ళ చెయ్యి పడ్డ సంగతి మన ఆడోళ్ళే రాశారు. మన మగాడి ఒళ్ళు మాట వినని రాత్రి గురించి మాత్రం ఎవరూ రాయగా నేను చదవలేదు. రాయకపోతే లేనట్టా? మా పల్లెలో ఎంతమంది ఈ సంగతిని సారాయి గ్లాసులో ముంచి తాగేశారో, ఎంతమంది పెళ్ళాన్ని కొట్టి దాచుకున్నారో, ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తది.

నేను జీవశాస్త్రం టీచర్ని. మా మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటుని. పదో తరగతికి ప్రత్యుత్పత్తి పాఠం చెప్తాను. చాలామంది టీచర్లు ఆ పాఠాన్ని 'ఇంట్లో చదువుకోండి' అని దాటేస్తారు. నేను దాటెయ్యను. బోర్డు మీద బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి, నవ్వే పిల్లల్ని నవ్వనిచ్చి, మళ్ళీ పాఠంలోకి తీసుకొస్తాను. అట్టాంటి నేను, నా ఒంటి సంగతి వచ్చేసరికి నాలుగో తరగతి పిల్లోడికంటే అధ్వాన్నమైపోయాను.

మొదట ఒకరోజు జరిగింది. అలిసిపోయాననుకున్నాను. ఎలక్షన్ డ్యూటీ, పదో తరగతి పేపర్లు దిద్దడం, ఇంటి లోను, ఎన్నో ఉన్నాయి. తర్వాత వారానికోసారి. ఆ తర్వాత, జరగడమే అరుదు. మా ఇంటామె మా మేనమామ కూతురే. చిన్నప్పట్నుంచి 'బావా' అనే పిలుస్తది. మొదట్లో ఏమీ అనలేదు. రెండో నెలలో, "ఏం బావా, నేనంటే మొహం మొత్తిందా?" అంది. నవ్వుతానే అంది. ఆ నవ్వు కింద ఏముందో నాకు తెలుసు. జవాబు చెప్పకుండా, పేపర్లు దిద్దే పనుందని వరండాలోకి పోయాను. ఆ రాత్రి పేపర్లు లేవు.

అట్టా ఏడాది వరండాలో పడుకున్నాను. ఉక్క అన్నాను. నడుం నొప్పి అన్నాను. పాప పక్కలో పొర్లుతుందన్నాను. మా పాపకి ఆరేళ్ళు. రెండో బిడ్డ ఎప్పుడని మా అమ్మ పోరు. మగపిల్లోడి కోసం గుళ్ళో అయ్యగారి చేత ప్రార్థన కూడా చేయించింది. నేను తల వంచుకుని కళ్ళు మూసుకుని 'ఆమెన్' అన్నాను. నా అంత అబద్ధాలకోరు ఆ గుళ్ళో ఇంకెవడూ లేడు ఆ పూట.

స్కూల్లో ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు ఆరోగ్యాల మాటొచ్చింది. ఒక సారుకి షుగరు, ఇంకొకాయనకి బీపీ. మా సోషల్ సారు నా క్యారేజీ వైపు చూసి, "మీ వాళ్ళకేం మాస్టారూ, గట్టి ఒళ్ళు. పెద్దమాంసం తింటారు, మోట పని చేసిన రక్తం. షుగర్లూ బీపీలూ మీ దగ్గరికి రావు" అన్నాడు. పొగిడినట్టే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటని నేనూ నమ్మాను కాబట్టి నవ్వాను. అసలు దెబ్బ అక్కడుంది. మనల్ని తిట్టిన మాటని మనం గుర్తుపడతాం. మనల్ని గొడ్డుతో సమానం చేసి పొగిడిన మాటని గుర్తుపట్టడానికి చాలా కాలం పడతది.

మా ఒళ్ళు గట్టివి, వాటికి నీడ అక్కర్లేదు, మందక్కర్లేదు, వాటికి నొప్పి తక్కువ, కోరిక ఎక్కువ. ఊరు మా మీద రాసిన పాఠం ఇది. కోరిక ఎక్కువన్న మాట అడ్డం పెట్టుకునే మా పిల్లల్ని కొట్టారు, చంపారు. పనికి గట్టి ఒళ్ళు, తన్నడానికి గట్టి ఒళ్ళు. ఊరోళ్ళు మా ఒళ్ళని దగ్గరగా చూసింది కూలికి పిలిచేటప్పుడే. ప్రభుత్వం చూసిందంటే చచ్చాకే. 1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్ళని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశాక, అప్పుడు ఆ ఒళ్ళకి డాక్టర్లు పోస్టుమార్టం చేశారు. బతికుండగా వాళ్ళలో ఎవరికైనా ఒక్కసారి బీపీ చూసిన డాక్టరున్నాడా అని అనిపిస్తది నాకు.

నా కథకొస్తాను.

మొదట గోడల మీద రాతలు నన్ను లాగాయి. బస్టాండు వెనక గోడల మీద చూసే ఉంటారు. నరాల బలహీనత, రహస్య రోగాలు, ఫలానా లాడ్జిలో ప్రతి మంగళవారం. ఇట్టాంటి ప్రకటనలు వెయ్యకూడదని 1954లోనే మందులూ మాయ చికిత్సల చట్టం వచ్చింది. లైంగిక శక్తి పెంచుతామని ప్రకటన చెయ్యడమే నేరమని అందులో ఉంది. డెబ్బై ఏళ్ళయినా చట్టం పుస్తకంలోనే ఉంది, రాత గోడ మీదే ఉంది. మనకి తెలియని సంగతి కాదు. అంటరానితనం నేరమని కూడా పుస్తకంలోనే ఉంది గదా.

మా ఊరికి నలభై మైళ్ళ దూరంలో, నన్ను గుర్తుపట్టేవాడు లేని టౌన్లో, ఒక లాడ్జికి పోయాను. ఆయన నాడి పట్టుకుని కళ్ళు మూసుకుని, 'చిన్నప్పుడు చేసుకున్న తప్పు' అన్నాడు. పేరులేని పొట్లాలు ఇచ్చి నాలుగు వేలు తీసుకున్నాడు. నేను జీవశాస్త్రం టీచర్ని. ఆయన చెప్పేది తప్పని తెలుసు. అయినా డబ్బిచ్చాను. సిగ్గు ముందు బీఎస్సీ ఎందుకూ పనికిరాలా. పొట్లం మింగాక మొహం ఎర్రబారింది, తల పగిలిపోయింది, గుండె దడదడలాడింది. మూలికల పేరుతో అమ్మే ఇట్టాంటి పొట్లాల్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలుపుతుంటారని తర్వాత తెలిసింది. ఎంత కలిపారో కలిపినోడికే తెలియదు. అప్పటికి నా బీపీ ఎంతుందో నాకు తెలియదు.

రెండోసారి చదువుకున్న దారిలో పోయాను. పెద్ద టౌన్లో అద్దాల క్లినిక్. హాలంతా జనం. కౌంటర్లో అమ్మాయి 'సమస్యేంటండీ' అని గట్టిగా అడిగింది. చీటీ మీద రాసిచ్చాను. ఆమె చదివి, అదే గొంతుతో లోపలికి కేకేసి చెప్పింది. తర్వాత ఇంటిపేరడిగింది. ఇంటిపేరు చెప్పగానే కొన్ని మొహాల్లో జరిగే చిన్న మార్పు మనకందరికీ తెలుసు. ఒకే నిమిషంలో నా రెండు రహస్యాలూ కౌంటరు మీద బయటపడ్డాయి.

డాక్టరు రెండు నిమిషాలు చూశాడు. చూశాడంటే, కంప్యూటర్ని చూశాడు. ఒక ప్యాకేజీ రాశాడు. అంగానికి ఇంజక్షన్ చేసి రక్తప్రసారం కొలిచే డాప్లర్ స్కాను, నరాల పరీక్ష, రాత్రి నిద్రలో స్తంభన కొలిచే యంత్రం, పది రకాల హార్మోన్లు. మొత్తం ఇరవై రెండు వేలు. "ముందివన్నీ చేయించుకోండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. మా అయ్య ఎట్టా చనిపోయాడని అడగలేదు. సిగరెట్ తాగుతావా అని అడగలేదు. బీపీ పట్టీ చేతికి చుట్టలేదు. అన్నీ కొలుస్తానన్నోడు, అన్నిటికన్నా చవకైంది కొలవలేదు.

ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. చేయించుకోవాలా వద్దా? డబ్బు సంగతి ఒకటి. ఉద్యోగుల ఆరోగ్య కార్డు ఉంది, రీయింబర్స్‌మెంటు పెట్టుకోవచ్చేమోనని ఒక ఆశ. కానీ ఆ బిల్లు హెడ్మాస్టరు సంతకంతో మొదలై ఆఫీసు క్లర్కు బల్ల మీదుగా పోవాలి. బిల్లు మీద జబ్బు పేరుంటది. జీతం బిల్లు మూడు నెలలు కదలదు గానీ, ఇట్టాంటి బిల్లు సంగతి మూడు గంటల్లో మండలమంతా తిరుగుతది.

ఇంకొకటి డబ్బుకన్నా పెద్దది. ఆ పరీక్ష చేసి చేతికిచ్చే కాగితం. మా బతుకులు కాగితాల మీద నడిచినయ్యి. కులం సర్టిఫికెట్టు కోసం తహసీల్దారాఫీసు మెట్ల మీద కూర్చున్నాను. నేను మాదిగోణ్ణని నాకు తెలుసు, ఊరికి తెలుసు, అయినా కాగితం కావాలి. ఇప్పుడు మొగాణ్ణో కాదో ఇంకో కాగితం చెప్పాలి. 'ఉంది' అని వస్తే మనసులో జబ్బంటారు. 'లేదు' అని వస్తే? ఆ కాగితాన్ని ఏ బీరువాలో పెట్టాలి? నాకు పరీక్ష కావాలా, తీర్పు కావాలా? ఈ ప్రశ్న అప్పుడు ఇంత స్పష్టంగా రాలేదు. కడుపులో తిప్పినట్టుండేది, అంతే.

టీచరు బుద్ధి కదా, చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. 1983లో అమెరికాలో లాస్ వేగాస్‌లో మూత్రకోశ డాక్టర్ల సభ జరిగింది. జైల్స్ బ్రిండ్లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త అక్కడికి ముందే తన అంగానికి తనే మందు ఇంజక్షన్ చేసుకుని వచ్చి, ఉపన్యాసం మధ్యలో ప్యాంటు దించి అందరికీ చూపించాడు. అంతకుముందు ఇది చాలావరకు మనసు జబ్బనే అనుకునేవాళ్ళు. ఇది రక్తం సంగతి, కండరాల సంగతి అని అట్టా రుజువైంది. ఆయన ప్యాంటు దించితే శాస్త్రమైంది. మా పల్లె కుర్రోడు పై చొక్కా విప్పి ఊరి చెరువులో దిగితే గొడవైంది. ఎవడి ఒళ్ళు సభలో చూపించొచ్చో, ఎవడి ఒళ్ళు దాచుకోవాలో కూడా ముందే రాసిపెట్టి ఉంది.

ఇంకో పరీక్ష గురించి చదివాను. ఒంట్లో లోపం లేని మగాడికి రాత్రి నిద్రలో మూడు నుంచి ఐదుసార్లు దానంతటదే స్తంభన వస్తది. కల వల్ల కాదు, నిద్ర తీరే అంత. యంత్రాలు దొరకనిచోట తపాలా బిళ్ళలు వరసగా చుట్టూ అంటించి పడుకోమనేవాళ్ళట. తెల్లారేసరికి బిళ్ళల మధ్య చిల్లుల దగ్గర తెగితే నరాలూ రక్తనాళాలూ బాగానే ఉన్నట్టు. పోస్టాఫీసు దాకా పోయాను కూడా. బిళ్ళల మీద బొమ్మలుండే మహానుభావులు గుర్తొచ్చి, కవరొకటి కొనుక్కుని వెనక్కొచ్చాను. ఏడాదిలో నేను మనసారా నవ్వింది ఆ రోజే.

చివరికి జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రికి పోయాను. పాత పద్ధతి, అయిదు గంటలకి లేచి ఓపీ చీటీ. యూరాలజీ గది ముందు బెంచీ మీద కూర్చున్నోళ్ళలో సగం మంది పంచెలోళ్ళు, చేతులు కాయలు కాసినోళ్ళు. ప్రొస్టేటు, రాళ్ళు, మూత్రం మంట. వాళ్ళ మధ్య నాకు ఊపిరాడింది. డాక్టరు యాభై దాటినాయన. ఆయన కులమేంటో నేనడగలేదు, ఆయనా నన్నడగలేదు. తలుపేసి, కూర్చోమన్నాడు.

"చెప్పండి మాస్టారూ."

చెప్పాను. ఆయన అడిగిన ప్రశ్నలు రాస్తాను, ఎందుకంటే ఆ ప్రశ్నలే అసలు పరీక్ష. ఉన్నట్టుండి మొదలైందా, మెల్లగా వచ్చిందా? తెల్లారగట్ల లేచేటప్పుడు స్తంభన ఉంటుందా? కోరికే తగ్గిందా, కోరికుండి ఒళ్ళు సహకరించడం లేదా? ఏమైనా మందులు వాడుతున్నావా? బీపీకిచ్చే కొన్ని మాత్రలు కూడా ఇది తెస్తాయి. మనసు దిగులుకిచ్చే కొన్ని మాత్రలూ అంతే. సిగరెట్? మందు? నిద్ర? ఎప్పుడైనా నడుం కింద గట్టి దెబ్బ తగిలిందా? ఇంట్లో ఎవరికైనా షుగరుందా, గుండెపోటు వచ్చిందా?

మెల్లగా వచ్చిందన్నాను. తెల్లారగట్ల ఉండేది కూడా తగ్గిందన్నాను. రోజుకి ఆరు సిగరెట్లన్నాను. మా అయ్య నలభై ఆరో ఏట, మిరప చేలో నీళ్ళు కడతా కడతా బోర్లా పడిపోయాడన్నాను. దేనివల్ల అని అడిగాడు. "ఎండ దెబ్బన్నారండీ. డాక్టరెవరూ చూడలా" అన్నాను.

ఆయన రాయడం ఆపి ఒకసారి నా మొహంలోకి చూశాడు. లేచి బీపీ చూశాడు. 152 మీద 98. ఇంకోసారి చూశాడు, అంతే ఉంది. పడుకోబెట్టి పొట్ట, గజ్జల్లో నాడి, బీజాలు, అంగం, కాళ్ళ స్పర్శ అన్నీ చూశాడు. చేతులు కడుక్కుని వచ్చి, క్లినిక్ వాళ్ళు రాసిన కాగితం అడిగాడు. ఇచ్చాను.

"ఈ డాప్లర్ చేస్తే ఏం తెలుస్తుందో తెలుసా?"

"రక్తం సరిగా వస్తుందో లేదో తెలుస్తుందండీ."

"తెలుస్తుంది. ఇంజక్షన్ చేసినాక రక్తం సెకనుకి 30 సెంటీమీటర్ల పైన వేగంతో వస్తుంటే బాగానే ఉన్నట్టు. 25 లోపుంటే నాళం సన్నబడినట్టు. సరే, సన్నబడిందని తేలిందనుకోండి, నేనేం రాస్తాను? మాత్ర రాస్తాను. బాగుందని తేలింది, ఏం రాస్తాను? అదే మాత్ర. ఫలితం ఏదొచ్చినా మందు మారనప్పుడు పరీక్ష ఎందుకు మాస్టారూ?"

ఇంకో మాట కూడా చెప్పాడు. భయపడే మనిషికి ఈ పరీక్ష తప్పు చెప్పే వీలుంది. భయం వేస్తే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతది, ఇంజక్షన్ పని చెయ్యనివ్వదు, లేని లోపం ఉన్నట్టు కాగితం మీద పడతది. ఒక్కోసారి ఇంజక్షన్ ప్రభావం దిగనే దిగదు. నాలుగ్గంటలు దాటితే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

"మరి ఈ పరీక్ష ఎవరికీ అక్కర్లేదాండీ?" అని టీచరు లాగే అడిగాను.

"అక్కరుంది. యాక్సిడెంట్లో కటి ఎముక విరిగిన కుర్రాళ్ళకి, అంగం వంకర తిరిగినోళ్ళకి, మాత్రలు సరిగా వాడినా పని చెయ్యనోళ్ళకి, ఆపరేషన్ అనుకునేవాళ్ళకి. కోర్టు కేసుల్లో కూడా అడుగుతారు. మీరు వాళ్ళలో లేరు. మీకు నేను రాసేవి వేరే. చవకైనవి. వాటి ఫలితాన్ని బట్టి మీ మందు మారుతుంది, మీ బతుకు మారుతుంది."

పరగడుపు షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్టరాల్, కిడ్నీ పరీక్ష, ఈసీజీ రాశాడు. పొద్దున పూట తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్. అది పొద్దునే ఎక్కువగా ఉంటదంట, సాయంత్రం తీస్తే తక్కువ చూపించి మోసం చేస్తది. తక్కువొస్తే ఇంకో రోజు మళ్ళీ చూడకుండా నమ్మకూడదన్నాడు. ఆ ఒక్కటే బయట డబ్బు పెట్టి చేయించాను. మిగిలినవన్నీ ఆసుపత్రిలోనే.

నాలుగో రోజు ఫలితాలొచ్చాయి. టెస్టోస్టిరాన్ 410. 300కి తక్కువైతే లోపమంటారు, నాకు లోపం లేదు. పరగడుపు షుగరు 172. అది 126 దాటితేనే మధుమేహం. హెచ్‌బీఏ1సీ 8.6. అది 6.5 దాటకూడదు. కొలెస్టరాల్ కూడా ఎక్కువే. ఈసీజీ బాగానే ఉంది.

డాక్టరు కాగితం వెనక రెండు గొట్టాలు గీశాడు, నేను బోర్డు మీద గీసినట్టే. "ఇది గుండెకి రక్తం ఇచ్చే నాళం. మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఇది కింద నాళం. ఒకటి రెండు మిల్లీమీటర్లు. షుగరూ బీపీ సిగరెట్టూ కలిసి అన్ని నాళాల్నీ ఒకేసారి పాడు చేస్తాయి. ముందు ఏది పూడుద్ది?"

"సన్నది."

"అంతే. చాలామందిలో గుండె నొప్పి కంటే రెండు మూడేళ్ళు, ఒక్కోసారి అయిదేళ్ళు ముందే ఇది కనపడుతుంది. మీ ఒళ్ళు మిమ్మల్ని అవమానించలేదు మాస్టారూ, కబురు పంపింది. ముప్పయ్యారేళ్ళకే పంపింది కాబట్టి ఇంకా టైముంది."

నేను ప్రతి ఏడూ చెప్పే పాఠమే అది. రక్తనాళాలు, గుండె, పీడనం. నా ఒంటికి అన్వయించుకోలేదు. మా ఒళ్ళు గట్టివని నమ్మినోణ్ణి కదా.

ఆ రాత్రి మా అమ్మకి షుగరొచ్చిందని మాత్రం చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది:

"మీ అయ్య ఉచ్చబోసినకాడ చీమలు మూగేయిరా. నేను చూసి నవ్వేదాన్ని. ఏందయ్యా, ఆసామి గానుగలో చెరుకుపాలు గానీ తాగొచ్చావా అని. కాలికి పుల్ల గుచ్చుకుంటే రెండు నెలలు మానలా. కడవలు కడవలు నీళ్ళు తాగేవోడు. ఎండలో పనికదా, దప్పికనుకున్నాం."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆమె ఇంకో మాట కూడా అంది. నన్ను చూడకుండా, గోడని చూస్తా అంది. "ఆఖరి మూడేళ్ళు బయట నులకమంచం మీదనే పడుకున్నాడు. వానొచ్చినా లోపలికి రాలా. నామీద కోపమనుకున్నా. ఏం తప్పు చేశానో చెప్పమని అడిగా. చెప్పలా."

ఇంతకంటే ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు. అడగక్కర్లేదు. మా అయ్య మంచం వేపచెట్టు కింద ఎందుకుందో నా వరండా మంచానికి తెలుసు.

ఆయన్ని ఊళ్ళో ఆసామి 'ఎద్దు లాంటోడు' అనేవాడు. ఆయన చనిపోయిన రోజు కూడా, ఎద్దులాంటోడు పోయాడే అన్నాడు. ఎద్దుకి జబ్బు చేస్తే పశువుల డాక్టర్ని పిలిచేవాళ్ళు ఆ ఇంట్లో. నేను కళ్ళారా చూశాను. మా అయ్యకెవరూ పరీక్ష చెయ్యలేదు. ఒక్క చుక్క రక్తం, ఒక్క బీపీ పట్టీ, పదిమందికి పనికొచ్చే ఒక్క ప్రశ్న. చీమలకి తెలిసిన సంగతి మాకు చెప్పే మనిషి లేకపోయాడు.

ఆ రాత్రి వరండాలోకి పోలేదు. మా ఇంటామెని కూర్చోబెట్టి, రిపోర్టులు ముందు పెట్టి, మొదట్నుంచి చెప్పాను. లాడ్జి సంగతి కూడా చెప్పాను. ఆమె విని, "ఏడాది నుంచి ఇంకొకతె ఉందని ఏడుస్తన్నా బావా" అంది. తర్వాత వీపు మీద ఒక్కటి చరిచింది. గట్టిగానే చరిచింది. "నాలుగు వేలు ఆ లాడ్జోడికి పోశావా? నాకు చెప్తే నేనే ఇచ్చేదాన్ని గదా మందు" అని నవ్వింది. ఏడాది తర్వాత ఇద్దరం కలిసి నవ్వాం. నా సిగ్గు ఖరీదు ఆమె ఏడాది ఏడుపని అప్పుడు తెలిసింది. ఆ లెక్క ఏ ల్యాబు రిపోర్టులోనూ రాదు. మనమే రాసుకోవాలి.

సిగరెట్ మానేశాను. షుగరు మాత్ర, బీపీ మాత్ర వేసుకుంటున్నాను. పొద్దున నలభై నిమిషాలు కాలవ గట్టు మీద నడుస్తున్నాను. గుండె సంగతి చూశాకే డాక్టరు సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాములు రాశాడు. గుండెనొప్పికి నాలిక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదని, బీపీ పడిపోయి ప్రాణం పోతుందని రెండుసార్లు చెప్పాడు. ఆ మందు కథ కూడా గుండె దగ్గరే మొదలైంది. గుండెనొప్పికని తయారుచేస్తే ఇంకోదానికి పని చేసింది, 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. నాకు పని చేసింది. అన్నిసార్లూ కాదు. చాలు. ఆర్నెల్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 6.8కి దిగింది. డాప్లర్ అవసరం ఇప్పటిదాకా రాలేదు. రేపు ఈ మాత్ర పని చెయ్యకపోతే చేయించుకుంటాను. అప్పుడు దాని ఫలితాన్ని బట్టి దారి మారుతది కాబట్టి.

క్లాసులో స్లిప్ టెస్టు పెట్టేముందు ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. ఈ టెస్టు మార్కులు చూశాక నేను పాఠం చెప్పే తీరు మారుతుందా? మారకపోతే ఆ టెస్టు పిల్లోణ్ణి భయపెట్టడానికే. మనల్ని జీవితమంతా అట్టాంటి పరీక్షలే పెట్టారు, 'నువ్వు తగవు' అని తేల్చడానికి. తగవని ముందే రాసిపెట్టుకుని పెట్టిన పరీక్షలు. అందుకే మనకి పరీక్షంటే తీర్పని భయం. నా ఒంటికి ఏం కావాలో చెప్పే పరీక్ష కూడా ఒకటుందని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

బాబాసాహెబుకి కూడా షుగరుండేది. కాళ్ళ నొప్పులు, నిద్ర పట్టకపోవడం. వైద్యం కోసం బొంబాయి పోయి, అక్కడ పరిచయమైన డాక్టరమ్మనే 1948 ఏప్రిల్లో పెళ్ళి చేసుకున్నాడు. రాజ్యాంగం రాసిన ఒళ్ళు అది. ఇది చదివినప్పుడు నాకు ఎందుకో ధైర్యమొచ్చింది.

మొన్న ఏప్రిల్ 14కి మా పల్లెలో దండ వేసి, జెండా ఎగరేసి, స్పీచులయ్యాక, ఏఎన్ఎం అమ్మని పిలిచి బొమ్మ పక్కనే టేబుల్ వేశాం. బీపీ, షుగరు. మొదట ఎవరూ రాలేదు. "మాకేం జబ్బుందిరా, గట్టిగానే ఉండాం" అన్నారు మా పెదనాన్నలు, బాబాయిలు. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మైకు తీసుకుని మా అయ్య సంగతి చెప్పాను. చీమల సంగతి. నులకమంచం సంగతి చెప్పలేకపోయాను. మా అమ్మ ముందు వరసలో కూర్చునుంది.

యాభై మూడు మంది వేలు చాపారు. పద్నాలుగు మందికి షుగరు ఎక్కువుంది. వాళ్ళలో తొమ్మిది మందికి ఆ రోజే తెలిసింది.

టేబుల్ తీసేసేటప్పుడు, వరసకి తమ్ముడయ్యే ఒకడు, తాపీ పని చేసేవాడు, ముప్పయ్యేళ్ళు కూడా లేవు, నా పక్కన నిలబడి కుర్చీలు మడతేస్తా, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నా, షుగరుంటే ఇంక వేరే ఇబ్బందులు కూడా వస్తయ్యంట గదా?"

"వస్తయ్యిరా" అన్నాను. "రా, అట్టా చెట్టు కింద కూర్చుందాం."